దుర్యోధన చేతి మీద సున్నం

గుజరాత్,
ఆదివారం, భోజనాలయ్యాక.

నాన్న పాదాలకు పెద్దకొడుకు నూకరాజు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉండి, రెండు పూటలా తింటూ, పని చేసుకుంటూ ఉన్నాను. అక్కడ నువ్వు, అమ్మ, తమ్ముడు గోవిందు, కొత్తగా ఈనిన గేదె, దాని దూడ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? లేచేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటోందా? నూనె రాయించుకోమంటే ‘ఎందుకురా’ అంటుంది, రాయకపోతే మూలుగుతుంది. నువ్వే దగ్గర కూర్చుని రాయి నాన్నా, సిగ్గుపడకు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది, ఎవరూ ఏమీ అనుకోరు.

గోవిందూ, ఎప్పటిలాగే ఇది పైకి చదివేది నువ్వే కదా. ఉత్తరం పెద్దదైతే మధ్యలో పది లైన్లు మింగేసి ‘అంతే నాన్నా, అంతా బాగుందట’ అని మడిచేస్తావని నాకు తెలుసు. ఈసారి అలా చెయ్యకు. ఒక్క ముక్క వదలకుండా, నాన్నకి వినబడేలా చదువు. అమ్మని కూడా వంట దగ్గర నుంచి పిలిచి కూర్చోబెట్టు.

అమ్మా, నా చేతులు రెండూ బాగున్నాయి. కళ్ళు బాగున్నాయి. ఈ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే కింద సంగతి విని కొంగు నోట్లో పెట్టుకుని ఏడుపు మొదలెడతావు. నాకేమీ కాలేదు. కాలిన చెయ్యి నాది కాదు. నా మీద ఒట్టు.

ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. మనవైపు ఎంత ఎండ కాసినా సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతుంది. ఇక్కడ గాలి తిరిగితే వాసన తిరుగుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో వాసన. కళ్ళు మూసుకుని కూర్చున్నా గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చెప్పేస్తాను ఇప్పుడు. మాది బట్టల రంగులకు కావలసిన సరుకు చేసే కంపెనీ కాబట్టి చొక్కా ఎన్నిసార్లు ఉతికినా కాలరు దగ్గర పసుపు వదలదు. గోవిందు పోయినసారి ‘అన్నా, పెళ్ళికొడుకువైపోయావా’ అని రాశాడు. నవ్వుకో, నీకూ వస్తుంది.

తిండి సంగతి చెబితే నాన్నకి కోపం వస్తుంది. వీళ్ళు పప్పులో బెల్లం వేస్తారు. పప్పులో! మొదటి రోజు మెస్సులో తిని, బెల్లం వండేవాడి కొడుకు వచ్చాడని మర్యాద చేశారేమో అనుకున్నాను. రెండో రోజూ అదే. వాళ్ళ బెల్లం అడిగి నోట్లో వేసుకున్నాను. మెత్తగా, జిగురుగా ఉంది. నీ పెనంలోంచి దిగిన దిమ్మని గోనెపట్టా మీద బోర్లిస్తే వచ్చే ఆ గట్టి చప్పుడు ఎక్కడ, ఇదెక్కడ. ఈ మాట మెస్సులో అన్నాను కూడా. వంటాయన రెండు రోజులు నాకు రొట్టెలు మాడ్చి పెట్టాడు.

నాతోపాటు గదిలో ఉండేది దుర్యోధన. బరంపురం అవతల ఏదో పల్లె వాడిది. మనవైపు ఆ పేరు ఎవరైనా పెట్టుకుంటారా? వాళ్ళ వైపు పెట్టుకుంటారట. పేరు విని గద భుజాన వేసుకుని వస్తాడనుకున్నాను. వచ్చినవాడు బల్లిని చూసి మంచం ఎక్కాడు. తెలుగు సగం ఇంటి దగ్గరే వచ్చు, తక్కిన సగం నా దగ్గర నేర్చుకున్నాడు. అందుకని వాడి నోట మన యాస అచ్చంగా దిగిపోయింది. నన్ను బావా అంటాడు. నాకు టైఫాయిడ్ వచ్చిన పదిహేను రోజులూ గంజి కాచి పోసింది, నా బట్టలు ఉతికింది వాడే. ఇక్కడ ఎవరూ లేరు, వచ్చేస్తాను అని పోయిన ఏడాది ఏడుస్తూ ఉత్తరాలు రాశానే, ఆ ఏడుపు ఆగింది వాడు గదిలోకి వచ్చాకే.

కాలిన చెయ్యి వాడిది. కుడిచెయ్యి.

ఎలా కాలిందో చెప్పాలంటే ముందు సున్నం గురించి చెప్పాలి. పోయిన ఉత్తరంలో నేను గొప్పగా రాశాను, గుర్తుందా? మా షెడ్డులో ఒక మూల సున్నం బస్తాలు పేర్చి ఉంటాయి, నేల మీద ఆసిడ్ ఒలికితే దాని మీద సున్నం చల్లుతారు, పొగలు కక్కి ఆసిడ్ చచ్చిపోతుంది, అచ్చం నువ్వు పులిసిన చెరుకు రసంలో సున్నపు తేట పోసినట్టే అని. ఆ ఉత్తరం నువ్వు రెండుసార్లు చదివించుకున్నావట. గానుగ దగ్గరకు వచ్చినవాళ్ళందరికీ చెప్పావట: “గుజరాతులో అంత సదువుకున్న ఇంజనీర్లు కూడా నాను సేసిందే సేత్తన్నారు!” గోవిందు రాశాడు. చదివి నా ఛాతీ కూడా రెండంగుళాలు పెరిగింది. నీ పెనం దగ్గర నేర్చుకున్నది ఇంత దూరంలో పనికొచ్చింది కదా అని.

ఆ గర్వమే కొంప ముంచింది నాన్నా.

నెల క్రితం, మధ్యాహ్నం షిఫ్టు. పెద్ద ట్యాంకు నుంచి ఆసిడ్ వచ్చే పైపుకి ఒకచోట అతుకు ఉంటుంది. మధ్యలో బిళ్ళ పెట్టి చుట్టూ బోల్టులు బిగిస్తారు. అక్కడ చెమ్మ కనబడుతోందని వారం నుంచి చెబుతున్నాం. రేపు మారుస్తాం అంటున్నారు. ఆ రోజు దుర్యోధన బోల్టు కొంచెం బిగిద్దామని పానా పెట్టాడు. బిళ్ళ చీలిపోయింది. చిమ్మింది. ముఖానికి అద్దం ఉంది కాబట్టి ముఖం దక్కింది. చేతికి మోచేతి దాకా తొడుగు ఉంది కానీ, ఆసిడ్ పై నుంచి తొడుగులోకి దిగిపోయింది. వాడు అరిచి, తొడుగు పీకి విసిరేసి, షవరు వైపు పరిగెత్తాడు. షెడ్డులో గొలుసు లాగితే నెత్తి మీద నీళ్ళు ధారగా పడే షవరు ఒకటి ఉంటుంది. పట్టుమని పాతిక అడుగులు కూడా లేదు. నేను ఎదురెళ్ళి నడుం పట్టుకుని ఆపేశాను.

ఎందుకు ఆపానంటావా? పనిలో చేరిన రోజు సూపర్‌వైజరు హిందీలో గంటసేపు చెప్పాడు. నాకు గట్టిగా అర్థమైన ముక్క ఒక్కటే: ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, పోస్తే ఎగిరి మీద పడుతుంది. అది ట్యాంకు గురించి. మనిషి ఒంటి మీద పడితే మాత్రం ఎన్ని నీళ్ళు పోస్తే అంత మంచిదని కూడా చెప్పాడట. ఆ ముక్క నా హిందీకి అందలేదు. అర్థం కాలేదని చెయ్యి ఎత్తడానికి సిగ్గేసింది. అందరూ తల ఊపుతుంటే నేనూ ఊపాను.

“నీల్లు వొద్దురా! నీల్లు పోత్తే పొంగుద్ది!” అని అరిచాను. వాణ్ణి సున్నం బస్తాల దగ్గరకు ఈడ్చాను. మూతి విప్పి ఉన్న బస్తాలో వాడి చెయ్యి మోచేతి దాకా దించాను. నాన్నా, ఆ క్షణంలో నాకు భయం లేదు. దారి తెలిసినవాడికి ఉండే ధైర్యం ఉంది. పులుపుని సున్నం విరుస్తుంది. కాలినదాన్ని సున్నం మాన్పుతుంది. చిన్నప్పుడు కాలే పాకం నా పాదం మీద ఒలికితే నువ్వు సున్నపు తేట, కొబ్బరినూనె గిలక్కొట్టి రాశావు, మచ్చ కూడా మిగల్లేదు. ఆ పాదం నేను ఊరంతా చూపించేవాణ్ణి. ఇంకేం కావాలి నాకు?

బస్తాలోంచి పొగ లేచింది. వాడు ఎప్పుడూ వినని గొంతుతో అరిచాడు. చెయ్యి లాక్కోబోయాడు. నేను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. “అయిపోనాది, అయిపోనాది, సచ్చిపోతంది సూడు” అంటున్నాను. చచ్చిపోతున్నది ఆసిడ్ అనుకున్నాను. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చి, ఇద్దర్నీ లాక్కెళ్ళి షవరు కింద తోసేదాకా నేను వాడి చెయ్యి వదల్లేదు. నా చేతులకు తొడుగులు ఉన్నాయి కాబట్టి నాకేం కాలేదు. అమ్మా, విన్నావు కదా, నాకేం కాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి కడుగుతూ, వేళ్ళ సందుల్లోంచి తెల్లటి ముద్దలు తీస్తూ అడిగింది, ఇది ఎవరు వేశారని. నేను నేల వైపు చూశాను. ఆవిడ నర్సుతో అంటున్నది నాకు బాగానే అర్థమైంది. ఆరోజు నా హిందీ ఎక్కడలేని తెలివి తెచ్చుకుంది. వెంటనే నీళ్ళ కింద పెట్టి ఉంటే పై తోలుతో పోయేది, సున్నం, ఆసిడ్ కలిసి మంట పుట్టి లోపలికి తినేసింది, నీళ్ళు ఆలస్యమయ్యాయి అని. ఎవరికీ చెప్పలేదు నాన్నా నేను. బయటికొచ్చి చెప్పులు ఎక్కడ విప్పానో మర్చిపోయి వట్టికాళ్ళతో గదికి నడిచాను.

తర్వాత జరిగింది ఇంకా దారుణం. ఆసుపత్రి మత్తు దిగి దుర్యోధనకి తెలివొచ్చాక వాడికి గుర్తున్నది ఏమిటంటే, నేను ఒక్కణ్ణే వాడి దగ్గరకు పరిగెత్తానని. తక్కినవాళ్ళంతా దూరం జరిగారని. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలెట్టాడు.

“మా బావ సున్నం ఏసేడు కాబట్టి సరిపోనాది. నేపోతే సెయ్యి మొత్తం పోయేది!”

వాళ్ళమ్మ ఊరి నుంచి ఫోను చేస్తే నాకు ఇమ్మంది. ఒరియాలో ఏదేదో అని ఏడ్చింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా దీవిస్తోందని తెలుస్తుంది కదా. ఫోను వేడెక్కిపోయినట్టు చెవికి దూరంగా పట్టుకున్నాను. నేను రోజూ షిఫ్టు దిగి ఆసుపత్రికి వెళ్ళి, అన్నం కలిపి వాడికి ముద్దలు పెట్టేవాణ్ణి. వాడు నములుతూ నన్ను మెచ్చుకునేవాడు. పక్కమంచం ముసలాయన నన్ను చూసి దండం పెట్టేవాడు. నాకు ముద్ద కలపడానికి చేతులు వచ్చేవి కావు. అయినా నోరు విప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ ఇరవై రోజులు గడిపాను. పైపు బిళ్ళ రేపు మారుస్తామన్నవాళ్ళని తిట్టిన నోరే ఇది.

ఇంతలో ఒకే రోజు రెండు జరిగాయి. పొద్దున షెడ్డులో కొత్తగా చేరిన రాజస్థానీ ఒకడు బెల్టుకి సున్నం పొట్లం కట్టుకుని కనిపించాడు. ఇదేమిటని అడిగితే దుర్యోధన పేరు చెప్పాడు, నా పేరు చెప్పాడు, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. సాయంత్రం గదికొచ్చేసరికి గోవిందు ఉత్తరం. పరవాడ వైపు పెట్టిన మందుల కంపెనీలో పని దొరికిందని, ఉగాది వెళ్ళాక చేరతానని. చదివి సంతోషపడ్డానురా తమ్ముడూ, నిజం. అమ్మకి కనుచూపు దూరంలో ఒక్కడైనా ఉంటాడు కదా అని. కింద నువ్వు రాసిన రెండు లైన్లు మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. ‘నాన్న కొత్త సున్నం డబ్బా కొని నా మొలతాడుకి కట్టాడు. ఆసిడ్ పడితే కంగారు పడకుండా ముందు ఇది రాసుకో, నీ అన్న గుజరాత్‌లో ఇదే చేస్తున్నాడు అన్నాడు’ అని రాశావు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళాను. దారిలో సూపర్‌వైజరుకి చెప్పాను. ఆయన తిట్టలేదు. “నాకు తెలుసు, నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా” అన్నట్టు ఏదో అన్నాడు. దుర్యోధన మంచం మీద కూర్చుని ఆకలేస్తోంది అన్నాడు. అన్నం కలపకుండా ముందు చెప్పేశాను. నీళ్ళ దగ్గరకు వెళ్తుంటే ఆపింది నేను, లోపలికి కాలింది నా సున్నం వల్ల, డాక్టరమ్మ అన్నది మొదటి రోజే విన్నాను, దాచాను అని. వాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

“మరి నువ్వు సెయ్యి అదిమి పట్టుకున్నావు కదా బావా” అన్నాడు.

“అవును.”

“నాను వొదిలీ వొదిలీ అని అరిసేను.”

“అరిసేవు.”

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు వెళ్తే నా చేత్తో వద్దన్నాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. సగం ఒళ్ళో పడింది. నేను తీయబోతే కాలు ముడుచుకున్నాడు. నాన్నా, నువ్వు నన్ను చిన్నప్పుడు చెరుకు గెడతో కొట్టావు, పదో తరగతి తప్పినప్పుడు నెల రోజులు మాట్లాడలేదు. అవేవీ ఇంత నొప్పి పెట్టలేదు.

మూడో రోజు కూడా క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. ఎక్కడికి పోతాను. మంచం పక్కన పెట్టి లేవబోతుంటే, గోడ వైపే చూస్తూ, “ఆ పొట్లం కట్టుకున్నోడికి సెప్పేవా?” అని అడిగాడు.

“సెప్పేను. విప్పించి పారేయించేను. షవరు కాడ అందర్నీ నిలబెట్టి, గొలుసు లాగి సూపించి సెప్పేను.”

“నీ ఇందీలోనా?”

“నా ఇందీలోనే.”

“అయితే ఆలకి ఏటీ అర్దం అయ్యుండదు. రేపు రమ్మను. నాను సెప్తాను.”

ఇటు తిరిగి నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను. నమిలి, “ఉప్పెక్కువేసేవు” అన్నాడు. నేను అక్కడే, ముసలాయన చూస్తుండగానే, భోరుమని ఏడ్చాను.

ఇప్పుడు వాడి సంగతి. తొడ మీద నుంచి తోలు తీసి చేతికి అతికారు. అతుక్కుందన్నారు. బొటనవేలు, చూపుడువేలు వంగుతున్నాయి. మధ్యవేలు వంగాలా వద్దా అని ఆలోచిస్తోంది. చివరి రెండూ ఇంకా కర్రల్లాగే ఉన్నాయి. రోజూ గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి బంతి పట్టించి నొక్కిస్తున్నారు. అన్నీ వంగుతాయని డాక్టరమ్మ అనలేదు, వంగవనీ అనలేదు. పైపుల పని ఇక వద్దన్నారు. కంపెనీ స్టోరులో కూర్చోబెడతాం అంటోంది. కూర్చోబెట్టేదాకా నేను వదలను, యూనియన్ వాళ్ళని వెంటేసుకుని తిరుగుతున్నాను.

నాన్నా, నువ్వు ఒకటి అడుగుతావని తెలుసు. మరి నీ కాలు సున్నంతోనే మానింది కదరా అని. నేనూ డాక్టరమ్మని అదే అడిగాను. ఆవిడ ఓపిగ్గా విని, కాలగానే మొట్టమొదట ఏం చేశారు అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ కుడితి తొట్టి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి, పక్కనున్న నీళ్ళ కాగు మొత్తం నా కాలి మీద కుమ్మరించింది. తర్వాత బావి దగ్గరకు ఎత్తుకెళ్ళి ఇంకో పది చేదలు పోసింది. నువ్వు తేట తీసి, నూనె గిలక్కొట్టి రాసింది ఆ సాయంత్రం. మంట చల్లారిపోయాక. మనింట్లో ఇన్నేళ్ళూ సున్నం కథే చెప్పుకున్నాం. అమ్మ పోసిన నీళ్ళ మాట ఎవరమూ ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తలేదు. అమ్మా, నా కాలు కాపాడింది నువ్వే. ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు తిట్టుకో.

మొన్న బుధవారం కిరాణా కొట్టుకి ఫోను చేసి నిన్ను పిలిపించాను. “గోవిందు మొలతాడుకున్న డబ్బా తీసెయ్ నాన్నా, ఒంటి మీద సున్నం రాయకూడదు” అన్నాను. నువ్వు “ఏటి? ఇనపడ్డం నేదు, ఇనపడ్డం నేదు” అని పెట్టేశావు. అంతకు ముందు మాట, గేదె పాలు రెండు పూటలా ఎంత ఇస్తోందన్నది, నీకు చక్కగా వినబడింది. కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు, వాళ్ళ ముందు నీ మాట కాదన్నాను. తప్పు నాది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది మన గుమ్మంలో మన నలుగురి మధ్యే.

నీ పెనం దగ్గర నువ్వు చెప్పింది అబద్ధం కాదు నాన్నా. రసంలో సున్నం పని చేస్తుంది. నేల మీద ఒలికినదానికీ పని చేస్తుంది. నువ్వు నాకు ఆసిడ్ మీద రాయమని చెప్పలేదు. దాన్ని అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి, అంతా తెలుసనుకుని వాడినవాణ్ణి నేను. గొప్ప కోసం ఉత్తరం రాసి నీకు అంటించినవాణ్ణి నేను. నీ మీద నాకు కోపం లేదు, ఎవరైనా నిన్ను ఒక్క మాటంటే ఊరుకోను. కానీ ఆసిడ్ పడ్డవాడికి నీళ్ళే. వెంటనే, అప్పటికప్పుడు, తడిసిన బట్ట విప్పేసి, చాలని ఎవరో చెప్పేదాకా నీళ్ళే. సిగ్గుపడి చొక్కా విప్పకపోయినా కాలుతుంది. గోవిందూ, ఆడవాళ్ళున్నా సరే విప్పు. చేరిన మొదటి రోజే షవరు ఎక్కడుందో చూసుకో, గొలుసు లాగి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడు. వాళ్ళు చెప్పింది అర్థం కాకపోతే చెయ్యి ఎత్తి అడుగు. నీకు తెలుగులోనే చెబుతారు, అదృష్టవంతుడివి.

చిన్న పని ఒకటి. అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు తోలేటప్పుడు, ఈ ఏటి బెల్లంలో మంచి రంగు ముక్క ఒకటి తీసి పార్శిలు చెయ్యండి. దుర్యోధనకి. వాడు ఆసుపత్రి పాలు తాగలేకపోతున్నాడు, బెల్లం వేసుకుంటే తాగుతానంటున్నాడు. ఇక్కడి బెల్లం వాడికి పెట్టడానికి నాకు మనసొప్పదు. దాంతోపాటు అమ్మ పెట్టిన ఎండుమిరపకాయలు గుప్పెడు. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్యకి నూకాలమ్మ గుడికి వెళ్ళినప్పుడు వాడి పేరున ఒక కొబ్బరికాయ కొట్టండి. పూజారి పేరు అడిగితే దుర్యోధన అనే చెప్పండి, నవ్వితే నవ్వుతాడు. పెద్దమావయ్యకి, ఎదురింటి సత్తెమ్మ అత్తకి, గానుగ దగ్గర చెరుకు పెట్టే అప్పన్న బావకి నేను అడిగానని చెప్పండి. దూడకి పేరు పెట్టకపోతే నేను వచ్చేదాకా ఆగండి.

ఇక చివరి మాట నీకే నాన్నా. గోవిందు నా మాట వినడు. అన్న దూరాన ఉన్నాడు, అన్నకి భయం పట్టుకుంది అనుకుంటాడు. చిన్నప్పటి నుంచి వాడు నీ మాట మీద నడిచినవాడు. చెయ్యి కాలిన క్షణంలో మనిషికి కంపెనీ వాళ్ళు చెప్పింది గుర్తు రాదు, నేను చూశాను. తండ్రి చెప్పిందే గుర్తొస్తుంది. అందుకని నీ చేత్తో కట్టినది నీ చేత్తోనే విప్పు. ఊళ్ళో ఎవరైనా మాట మార్చావని నవ్వితే, పెద్దోడు గుజరాత్ వెళ్ళి పాడైపోయాడు, వాడి పోరు పడలేక అని నా మీద పెట్టెయ్.

ప్రతి ఉత్తరం చివర నీ దీవెన అడుగుతాను. ఈసారి నాకు వద్దు, తమ్ముడికి ఇవ్వు. గోవిందూ, ఇక్కడిదాకా చదివాక కాగితం పక్కన పెట్టి నాన్న ముందు కూర్చో. నాన్నా, వాడి ముఖంలోకి చూసి, “నాను సెప్పింది తప్పురా, పడితే నీల్ల కాడికి పరిగెట్టు” అని నీ నోటితో ఒక్కసారి అను. నువ్వు అనేదాకా వాణ్ణి లేవనివ్వకు అమ్మా.

ఇట్లు,
నీ మాటే వేదమని పెరిగిన పెద్దకొడుకు,
నూకరాజు